ఎస్‌ఆర్‌లో (సర్వీసు రిజిస్టర్‌లో) ఇంక్రిమెంటు తేదీ తప్పు పడితే తప్పు సెక్షన్‌దా, సంతకం పెట్టిన ఉద్యోగిదా?

కొత్త సూపరింటెండెంట్
ఏప్రిల్ 30న రిటైరయ్యే డ్రైవర్ పెన్షన్ పేపర్లు తయారవుతున్నాయి. ఎస్‌ఆర్ తిరగేస్తుంటే ఒక చిక్కు కనబడింది. వెనక సెలవుల ఖాతాలో 1-8-2004 నుంచి 31-10-2004 దాకా 92 రోజులు జీతం లేని సెలవు ఉంది. సొంత పనుల మీద పెట్టింది, మెడికల్ కాదు. ముందు పేజీల్లో మాత్రం ఏమీ జరగనట్టే 1-3-2005న ఇంక్రిమెంటు పడింది. అప్పట్నుంచి ఏటా మార్చి ఒకటినే. ప్రమోషన్ లేదు కాబట్టి తేదీ మారే సందర్భమూ రాలేదు. ఎఫ్‌ఆర్ (ఫండమెంటల్ రూల్స్) 26 ప్రకారం 92 రోజులు వాయిదా పడి జూన్ 1కి పోవాలి.

ఏటా సర్వీసు వెరిఫై చేసినట్టు ఆఫీసరు సంతకం ఉంది. చూసుకున్నట్టు డ్రైవర్ సంతకమూ ఉంది. ఆయనేమో "మీరు రాసుకున్నదే కదా, నాకేం తెలుసు" అంటున్నాడు. సెక్షన్‌లో పిల్లలేమో "ఏటా సంతకం పెట్టాడు కదా" అంటున్నారు. బాధ్యత ఎవరిది?

ఏ2 సీటు
సంతకం పెట్టినవాడిది. ఏటా ఎస్‌ఆర్ చూపించి సంతకం తీసుకోవాలని రూలు పెట్టింది అలంకారానికి కాదు. జీతం లేని సెలవు పెట్టిన మనిషికి ఆ మూడు నెలలు జీతం రాలేదన్న సంగతి తెలియదా? ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) కాపీ ఆయనకీ అంది ఉంటుంది. తర్వాతి మార్చిలో ఇంక్రిమెంటు యథాతథంగా పడ్డప్పుడు అడగాలి.

ఫీల్డు మనిషి
సెలవు ప్రొసీడింగ్స్‌లో "ఇంక్రిమెంటు వాయిదా పడును" అన్న వాక్యం ఎంతమంది రాస్తున్నారు ఏ2 గారూ? "ఫలానా తేదీల మధ్య జీతం లేని సెలవు మంజూరు చేయడమైనది" అని రాసి అక్కడితో ఆపేస్తారు. డ్రైవర్ ఎఫ్‌ఆర్ 26 చదివి ఉండాలా? అది చదవడానికేగా మీకు జీతం ఇస్తున్నది.

మెదక్ సీనియర్ అసిస్టెంట్
మా దగ్గరా ఇవే రూల్సు, ఇదే గోల. రాష్ట్రం విడిపోయినా ఎఫ్‌ఆర్‌లు విడిపోలేదు.

టోటెన్‌హామ్ తాత
ముందు తప్పు ఎలా జరిగిందో చూడండి, ఎవరు చేశారో తర్వాత తేల్చుకోవచ్చు. ఎస్‌ఆర్‌లో సెలవుల ఖాతా వెనక ఉంటుంది, జీతం, ఇంక్రిమెంట్ల ఎంట్రీలు ముందు ఉంటాయి. చాలా ఆఫీసుల్లో సెలవులు ఒక సీటు (అంటే ఒక గుమాస్తా) ఎక్కిస్తుంది, ఇంక్రిమెంట్ల స్టేట్‌మెంటు బిల్లుల సీటు వేస్తుంది. బిల్లుల సీటు కిందటేడు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని స్టేజీ ఒకటి పెంచి రాస్తుంది, వెనక పేజీ తిప్పదు. అందుకే పాత పద్ధతిలో సెలవు ఎంట్రీ వేసిన రోజే ముందు పేజీలో ఎర్ర సిరాతో "తదుపరి ఇంక్రిమెంటు 1-6-2005" అని రాసి ఆఫీసరు చేత అటెస్ట్ చేయించేవారు. ఆ ఒక్క గీత లేకపోతే ఇరవై ఏళ్లూ తప్పే నడుస్తుంది.

ఇంకొకటి ఎవరూ అడగలేదు. ఆ సెలవుకి ఇ.ఎల్. (ఎర్న్‌డ్ లీవ్) ఖాతా కూడా సవరించాలి. 2004 రెండో అర్ధభాగంలో 92 రోజులు జీతం లేని సెలవు ఉంటే అందులో పదో వంతు, అంటే 9 రోజులు, 1-1-2005న వేసే 15 రోజుల అడ్వాన్సు క్రెడిట్‌లో తగ్గాలి. ఆ రోజు 6 మాత్రమే వేయాలి. 15 వేసి ఉంటే అక్కడినుంచి ఖాతా అంతా తిరిగి రాయాలి. చివరికి నిల్వ గరిష్ఠమైన 300కి చేరి అక్కడే ఆగిపోయి ఉంటే ఆ 9 రోజులు మధ్యలో ఎక్కడో కలిసిపోయి ఉండొచ్చు. లేకపోతే మిగిలిన సెలవులకి డబ్బిచ్చే ఎన్‌క్యాష్‌మెంట్‌లో తగ్గుతాయి.

కొత్త సూపరింటెండెంట్
15 వేశారు తాతగారూ. ఇప్పుడే చూశాను.

ఏ2 సీటు
ఫీల్డు మనిషి గారికి: రూలు తెలియదన్నది జవాబు కాదు. మొదటి పేజీ ఐదేళ్లకోసారి తిరిగి అటెస్ట్ చేయించాలని ఎస్‌ఆర్ మీదే అచ్చువేసి ఉంటుంది. వేలిముద్రలు మాత్రం మళ్లీ తీయనక్కర్లేదని కూడా అక్కడే రాసి ఉంటుంది. ఎంతమంది ఉద్యోగులు ఐదేళ్లకోసారి వచ్చి అడిగారు? పెళ్లయ్యాక నామినేషన్ మార్చమని ఎంతమంది వచ్చారు? పెళ్లికి ముందు తల్లి పేరు మీద ఇచ్చినది అలాగే పడి ఉంటుంది. అదీ సెక్షన్ తప్పేనా?

ఫీల్డు మనిషి
నామినేషన్ సంగతి ఎవరడిగారు? ఇంక్రిమెంటు దగ్గరే ఉండండి. ఎస్‌ఆర్ ఎవరి బీరువాలో ఉంటుంది? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? సబ్‌డివిజన్‌లో పనిచేసేవాడు డివిజన్ ఆఫీసుకి రావాలంటే 60 కిలోమీటర్లు. వస్తే "సీటు క్యాంపులో ఉంది", "ఆడిట్ వాళ్లు పట్టుకెళ్లారు". ఏప్రిల్‌లో సంతకాలకి ఎస్‌ఆర్‌లు కట్టగట్టి పంపిస్తారు. సంతకం పెట్టాల్సిన చోట స్లిప్పు పెట్టి ఉంటుంది. అటెండరు గుమ్మంలో నిలబడి ఉంటాడు, వెనక పేజీ తిప్పే టైము ఎవరికుంటుంది? ఆ సంతకాన్ని పట్టుకుని "చూసుకున్నావు కదా" అంటారు.

ట్రెజరీ గేటు
సొంత ఎస్‌ఆర్‌కి ఆర్టీఐ పెట్టండి. పది రూపాయలు, మండల స్థాయిలో అయితే ఐదే. పేజీకి రెండు రూపాయలు. ముప్పై రోజుల్లో చేతిలో ఉంటుంది.

ఫీల్డు మనిషి
సొంత పుస్తకం చూసుకోవడానికి ఆర్టీఐ పెట్టాల్సిన గతి పట్టిందంటే ఇంకేం చెప్పాలి.

ఏ2 సీటు
స్లిప్పు పెట్టినా సంతకం సంతకమే. చదవకుండా పెట్టానని బ్యాంకులో చెప్పి చూడండి.

ఫీల్డు మనిషి
ఆ లెక్కన ఆఫీసరు కూడా ఏటా పెట్టాడు కదా, "పే బిల్లులు, అక్విటెన్స్ రోల్సుతో (జీతం అందినట్టు సంతకాల పట్టీలతో) సరిచూడడమైనది" అని. ఆయన పెట్టింది సంతకం కాదా? ఆ సర్టిఫికెట్ డ్రాఫ్ట్ చేసింది ఎవరు?

ఏ2 సీటు
ఆ సర్టిఫికెట్ అర్థం ఆ కాలంలో సర్వీసు చేశాడు, జీతం డ్రా అయింది అని. జీతం సరిగ్గా ఫిక్స్ అయిందని కాదు. తేడా తెలియకపోతే తెలుసుకోండి.

టోటెన్‌హామ్ తాత
ఏ2 చెప్పింది సగం నిజం. జీతం లేని మూడు నెలలకి పే బిల్లులో పేరెదురుగా సున్నా ఉంటుంది కదా. బిల్లుతో నిజంగా సరిచూసినవాడికి ఆ సున్నా కనపడాలి, "ఇంక్రిమెంటు ఏమైంది" అన్న ప్రశ్న అక్కడే పుట్టాలి. సరిచూడకుండా వేసిన ముద్ర అది. రెండు సంతకాలూ ఒకే రకం, దాని గురించి కొట్టుకోవడం దండగ.

ఇక అసలు లెక్క. ఏటా మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలు ఒక ఇంక్రిమెంటు ఎక్కువ డ్రా అయింది, దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ. ఇరవై ఏళ్లకి అరవై నెలలు. ఇందులో రికవరీ కష్టం. 2014 డిసెంబరులో రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: క్లాస్ 3, 4 ఉద్యోగుల నుంచి, రిటైరైనవారి నుంచి, ఏడాదిలోపు రిటైరయ్యేవారి నుంచి, ఐదేళ్లకు మించి జరిగిన అదనపు చెల్లింపుని రాబట్టకూడదని. డ్రైవర్ వీటిలో ఒకటి కాదు, మూడింటిలో పడతాడు.

మెదక్ సీనియర్ అసిస్టెంట్
2016 జగదేవ్ సింగ్ కేసు మర్చిపోతున్నారు తాతా. పీఆర్సీ ఆప్షన్ ఇచ్చేటప్పుడు "ఎక్కువ చెల్లించినది తేలితే తిరిగి కడతాను" అని అండర్‌టేకింగ్ ఇచ్చి ఉంటే రికవరీ చేయొచ్చన్నారు.

టోటెన్‌హామ్ తాత
మర్చిపోలేదమ్మా. ఆయన న్యాయాధికారి, డ్రైవర్ కాదు. పైగా ఆ అండర్‌టేకింగ్ పే రివిజన్ ఫిక్సేషన్‌కి ఇచ్చింది. 2004 నాటి సెలవు తప్పు దాని కిందకి లాగడం కోర్టులో అంత తేలిక కాదు. 2022లో కేరళ టీచరు థామస్ డేనియల్ కేసులోనూ, ఉద్యోగి మోసం గాని తప్పుడు సమాచారం గాని లేనప్పుడు రికవరీ కూడదనే చెప్పారు.

అయితే సంతోషపడకండి. ఆగేది రికవరీ, రీఫిక్సేషన్ (జీతాన్ని తిరిగి నిర్ణయించడం) కాదు. తేదీ జూన్ 1 అని సరిదిద్దితే ఏప్రిల్ 30న రిటైరయ్యేవాడికి ఈ ఏడాది మార్చిలో పడ్డ ఇంక్రిమెంటు పోతుంది. ఆఖరి జీతం ఒక స్టేజీ కిందకి. పెన్షన్ దాంట్లో సగం కాబట్టి బతికున్నన్నాళ్లూ తక్కువ. కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకోవడం), గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ అన్నీ ఆ జీతం మీదే. జులైలో రిటైరవుతుంటే ఆఖరి జీతానికి ఏ తేడా ఉండేది కాదు.

ఫీల్డు మనిషి
చూశారా? అంటే మూడు నెలలు సెలవు పెట్టినందుకు కాదు, సెక్షన్ ఒక ఎర్రగీత గీయనందుకు రిటైర్మెంటు ముందు నెలలో ఈ షాకు. 2005లోనే చెప్పి ఉంటే ఆ మనిషి ఎప్పుడో సర్దుకునేవాడు. సెక్షన్ వాళ్లకి ఇది ఫైలు, ఉద్యోగికి జీవితం. ఏ2 గారూ, మీలాంటివాళ్లు సీటులో కూర్చుని చేసే పనేమిటసలు?

ఏ2 సీటు
చెప్తాను వినండి. 240 ఎస్‌ఆర్‌లు, ఇంక్రిమెంట్లు, సెలవులు, ఆటోమేటిక్ స్కేళ్లు, జీఐఎస్ (గ్రూపు ఇన్సూరెన్స్). జీఐఎస్‌లో ప్రమోషన్ వస్తే గ్రూపు వెంటనే మార్చకూడదు, వచ్చే నవంబరు నుంచే. ఆ తేదీలన్నీ ఎస్‌ఆర్‌లో ఎక్కించాలి. సెప్టెంబరు 1 నుంచి ప్యానెల్ ఇయర్ (ప్రమోషన్ల జాబితా ఏడాది), అంతకు ముందే సీనియారిటీ లిస్టులు, రోస్టరు. ఇవి కాక కోర్టు కేసులకి పేరావైజ్ రిమార్కులు, అసెంబ్లీ ప్రశ్నలకి ఆ రోజు సాయంత్రానికే జవాబులు. తప్పు జరిగితే మెమో వచ్చేది ఎప్పుడూ సీటుకే. అటెస్ట్ చేసిన ఆఫీసరు అప్పటికి బదిలీ అయిపోయి ఉంటాడు.

ఫీల్డు మనిషి
అదంతా మీ గోడు, నా ప్రశ్నకి జవాబు కాదు. ఒకటే అడుగుతా, సూటిగా చెప్పండి. ఈ తప్పు మీకు మీ సీటులో కనపడితే ముందు ఉద్యోగికి చెప్తారా, ఆఫీసరుకి నోటు పెడతారా?

ఏ2 సీటు
ఆఫీసరుకే. ఫైలు సర్క్యులేట్ కాకముందు బయటకి చెప్పడం రూలు కాదు. ముందే చెప్తే మర్నాడు సంఘం నాయకుడు ఛాంబర్‌లో ఉంటాడు, వారంలో హైకోర్టు స్టే ఉంటుంది. నేను ఆఫీసు మనిషిని. ఉద్యోగి వకీలుని కాదు.

ఫీల్డు మనిషి
అదీ. ఇన్ని పోస్టుల తర్వాత అసలు మాట వచ్చింది. మేము మిమ్మల్ని మా మనిషి అనుకుంటాం, "సెక్షన్‌లో చూస్తారులే" అనుకుని ఎస్‌ఆర్ మీ చేతిలో పెట్టి పోతాం. మీరు మమ్మల్ని ఆడిట్ అభ్యంతరంలా చూస్తారు.

ఏ2 సీటు
అభ్యంతరంలా చూడను. కానీ రెండు పడవల మీద కాలు పెట్టలేను. ఇద్దరికీ పనిచేసే సీటు కావాలంటే ప్రభుత్వం వేరే పోస్టు ఇవ్వాలి. ఇప్పుడున్నది అది కాదు.

ట్రెజరీ గేటు
ఎవరో మెడికల్ సర్టిఫికెట్ పెట్టించి ఆ సెలవుని మెడికల్‌గా మార్చేయమంటారేమో అని చూస్తున్నా. ఇంకా ఎవరూ అనలేదు, మంచిదే.

టోటెన్‌హామ్ తాత
పాత తేదీతో సర్టిఫికెట్ తెస్తే ఇంక్రిమెంటు పోవడం కాదు, ఉద్యోగం మీదకే వస్తుంది. దాని జోలికి పోకండి.

ఏ2, ఫీల్డు మనిషీ, మీ ఇద్దరి ప్రశ్నకి చట్టం ఎప్పుడో జవాబు చెప్పింది. భగవాన్ శుక్లా అనే రైల్వే ఉద్యోగి బేసిక్‌ని 190 నుంచి 181 రూపాయలకి, ఇరవై ఏళ్ల వెనకనుంచి, నోటీసు ఇవ్వకుండా తగ్గించారు. 1994లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. తొమ్మిది రూపాయల తేడాకి. కాబట్టి ఆఫీసరుకి నోటు పెట్టడం తప్పు కాదు, కానీ ఆ నోటులో చివరి పేరా "షోకాజ్ నోటీసు జారీకి ఆమోదం" అని ఉండాలి. నోటీసు లేకుండా నేరుగా రీఫిక్సేషన్ ప్రొసీడింగ్స్ పెట్టిన సీటు ఆఫీసుకీ మేలు చేయనట్టే.

సూపరింటెండెంట్ గారూ, సెలవు మంజూరు ఫైలు దొరుకుతుందేమో పాత పర్సనల్ రిజిస్టర్‌లో (సీటు ఫైళ్ల నమోదు పుస్తకంలో) చూడండి. ఆర్.డిస్. (శాశ్వతంగా దాచేది) అయితే రికార్డు రూములో ఉండాలి. డి.డిస్. కింద మూసి ఉంటే పదేళ్లకే నాశనం చేసి ఉంటారు, సెలవుల ఖాతా ఎంట్రీ ఒక్కటే ఆధారం.

కొత్త సూపరింటెండెంట్
డి.డిస్. అట, చూశాను. నోటీసు డ్రాఫ్టు రేపు పెడతాను. 15 రోజుల గడువు చాలా?

టోటెన్‌హామ్ తాత
చాలు. నోటీసుతోపాటు రెండు పేజీల జిరాక్సు జతచేయండి, సెలవుల ఖాతా ఒకటి, 2005 ఇంక్రిమెంటు ఎంట్రీ ఉన్నది ఒకటి. ఏ రూలు కింద, ఎన్ని రోజులు, ఏ తేదీ నుంచి ఏ తేదీకి అన్నది తెలుగులో రాయండి, డ్రైవర్ చదువుకునేలా. రికవరీ మాట అందులో ఎత్తకండి. ఎస్‌ఆర్‌లో దిద్దేటప్పుడు వైట్‌నర్ వద్దు, పాత తేదీ చదవగలిగేలా ఎర్రసిరాతో ఒకే గీత, పక్కన కొత్త తేదీ, ప్రొసీడింగ్స్ నంబరు, ఆఫీసరు సంతకం.

ఫీల్డు మనిషి
ఆ రెండు జిరాక్సులూ 2005లో చేతిలో పెట్టుంటే సరిపోయేది.

ఏ2 సీటు
2005లో ఆ ఆఫీసులో జిరాక్సు మిషను ఉందో లేదో.

ఫీల్డు మనిషి
ఎర్రపెన్ను ఉండే ఉంటుంది.