భాషా చర్చ: ‘రోట్ ఇస్ట్ డీ కాంట్’ – హెల్గోలాండ్ జెండా పద్యంలోని ‘కాంట్’ను తెలుగులో ఏమందాం?

పదసేవ:

ఈసారి చర్చకు ఒక చిన్న జర్మన్ పద్యం తెస్తున్నాను. నాలుగే పాదాలు. హెల్గోలాండ్ అనే దీవి జెండాలో ఏ రంగు దేనికి గుర్తో చెబుతుంది. చదివితే ఇలా వినిపిస్తుంది:

గ్రూన్ ఇస్ట్ డాస్ లాండ్,
రోట్ ఇస్ట్ డీ కాంట్,
వైస్ ఇస్ట్ డేర్ జాండ్,
డాస్ జింట్ డీ ఫార్బెన్ ఫోన్ హెల్గోలాండ్.

నేలది ఆకుపచ్చ, ‘కాంట్’ది ఎరుపు, ఇసుకది తెలుపు, హెల్గోలాండ్ రంగులు ఇవీ అని భావం. మిగతా పాదాలు సులువుగానే తెలుగులోకి వచ్చాయి. ‘కాంట్’ దగ్గర మాత్రం కలం ఆగింది.

ముందు ఊరి సంగతి చెప్పాలి. హెల్గోలాండ్ జర్మనీ తీరానికి దూరంగా, ఉత్తర సముద్రంలో ఉంది. జనాభా సుమారు 1,300. పాలనాపరంగా ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం, పిన్నెబెర్గ్ జిల్లాలో ఒక చిన్న స్థానిక సంస్థ. మన లెక్కలో ఓ మోస్తరు గ్రామ పంచాయతీ అనుకోండి. జెండాలో మూడు అడ్డపట్టీలు: పైన ఆకుపచ్చ, నడుమ ఎరుపు, కింద తెలుపు. ఓడలో దీవి వైపు వస్తుంటే కంటికి కనిపించే వరుస కూడా ఇదే. పైన చదునైన గడ్డినేల, దాని కింద సముద్రంలోకి నిట్టనిలువుగా దిగే ఎర్ర ఇసుకరాయి, అడుగున తెల్లటి ఇసుక. పద్యంలో పాదాల వరుసా అదే. అందుకే ఈ జెండాను తలకిందులుగా కట్టడం కుదరదు, పద్యం ఒప్పుకోదు.

ఇక ‘కాంట్’. ప్రామాణిక జర్మన్‌లో ఈ మాట ‘కాంటె’. బల్ల అంచుకు, రాతి అంచుకు అదే మాట వాడతారు. చివరి అచ్చు లేని ‘కాంట్’ ఉత్తరాదివారు మాట్లాడే దిగువ జర్మన్ రూపం. అక్కడ సముద్రతీరాన్నే ‘వాటర్‌కాంట్’ అంటారు. అంటే ఈ ఒక్క మాటలో అంచూ ఉంది, తీరమూ ఉంది. ఒడ్డు, గట్టు, దరి, కొమ్ము, అంచు – వీటిలో ఏది పెట్టాలి? మీ అభిప్రాయాలు చెప్పండి.

నల్లరేగడి:

పదసేవ గారూ, నమస్కారం. ఇవేవీ నాకు నచ్చలేదు. ‘ఒడ్డు’ అంటే నీళ్లకు సమంగా, కాళ్లు కడుక్కోవడానికి వీలుగా ఉండే చోటు. ‘గట్టు’ అంటే మా వైపు చెరువుగట్టు, పొలంగట్టు. మీరు చెబుతున్నది నిట్టనిలువు రాయి కదా. దానికి తెలుగులో సరైన మాట ‘చరియ’. ‘ఎర్రనిది చరియ’ అనండి, అర్థం అతుక్కుపోతుంది.

పదసేవ:

నల్లరేగడి గారూ, అర్థం వరకు ‘చరియ’తో పోటీపడే మాట లేదు. అయితే పత్రికలు ఆ మాటను ఒక్క సందర్భానికే పరిమితం చేశాయి. ‘కొండచరియలు విరిగిపడి రాకపోకలకు అంతరాయం’ – చరియ అనగానే కూలడమే గుర్తొస్తుంది.

నిజానికి హెల్గోలాండ్ చరిత్రకు ఆ స్ఫురణ కూడా సరిపోతుంది. ఈ దీవి డెన్మార్క్ చేతిలో ఉండగా 1807లో బ్రిటిష్ వారు ఆక్రమించారు. వారి కాలంలో ఇవే మూడు పట్టీల జెండాకు ఒక మూల బ్రిటిష్ జెండా చేరింది. 1890లో ఒప్పందం చేసుకుని జర్మనీకి ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1945 ఏప్రిల్ 18న, వందల బ్రిటిష్ విమానాలు దీవి మీద బాంబులు కురిపించాయి. జనాన్ని ప్రధాన భూభాగానికి తరలించారు. సరిగ్గా రెండేళ్లకు, 1947 ఏప్రిల్ 18న, అక్కడి సైనిక నిర్మాణాలను ధ్వంసం చేయడానికి బ్రిటిష్ నౌకాదళం సుమారు 6,700 టన్నుల పేలుడు పదార్థాలను ఒకేసారి పేల్చింది. దీవి దక్షిణ కొనలో ఎర్ర రాయి కూలి, పై నేలకూ దిగువ నేలకూ మధ్య కొత్త నేల ఏర్పడింది. ఇప్పుడు దాన్ని ‘మిట్టెల్‌లాండ్’, అంటే నడిమి నేల, అని పిలుస్తున్నారు. దీవి 1952 మార్చి 1న తిరిగి జర్మనీ చేతికి వచ్చాకే జనం వెనక్కి వెళ్లి ఊరు కట్టుకున్నారు. ఇంత జరిగినా జెండాలో ఎర్రపట్టీ అలాగే ఉంది.

నా మొగ్గు మాత్రం ‘అంచు’ వైపే. జెండా గుడ్డే కదా, గుడ్డకు అంచు ఉంటుంది. ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచు అన్నంత సహజంగా కుదురుతుంది. పైగా పద్యం రాయి గుణం చెప్పడం లేదు, నేల ఎక్కడ ఆగిపోతుందో చెబుతోంది. నా ప్రయత్నం ఇది:

నేల పచ్చన,
అంచు ఎర్రన,
ఇసుక తెల్లన –
ఇవే వన్నెలు హెల్గోలాండ్ జెండాలోన.

జర్మన్ పద్యం ప్రాస కోసం నామవాచకాల మీద ఆధారపడింది: లాండ్, కాంట్, జాండ్. మన భాషలో విశేషణం విధేయమై చివరికి వస్తుంది. అందుకే ఇక్కడ రంగులే ప్రాస కట్టాయి. నేను వెతకలేదు, వాక్యం తానే ఇచ్చింది.

కొల్లేటి కొంగ:

చాలా బాగుందండీ. కానీ ఒక చిక్కు. మా కృష్ణా జిల్లాలో మా అమ్మమ్మ ‘పచ్చచీర’ అంటే పసుపురంగు చీరే. పచ్చకామెర్లు పసుపు, పచ్చగడ్డి ఆకుపచ్చ. మీ పద్యం విన్నవాళ్లు జెండాలో పైపట్టీ పసుపు అనుకుంటే?

పదసేవ:

కొంగ గారూ, ఈ అనుమానం రావాలనే కోరుకున్నాను. పద్యంలో పక్కనే ‘నేల’ ఉంది కాబట్టి ప్రమాదం లేదు. నేల పచ్చన అంటే తెలుగువారెవరూ పసుపు అనుకోరు. అయితే జెండాలు, ఊరి చిహ్నాల గురించి వచనంలో రాసేటప్పుడు ఒట్టి ‘పచ్చ’ అస్సలు పనికిరాదు. ఎందుకంటే జర్మన్ ఊళ్ల చిహ్నాలకు నిజమైన ఆధారం బొమ్మ కాదు, ఒక వాక్యం.

ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఆ చిహ్నాల మీద గౌరవం పెరిగింది. ఊరి చిహ్నాన్ని డాలు ఆకారంలో గీస్తారు; ఆ డాలు మీద ఏముందో చెప్పే వర్ణనను జర్మన్‌లో ‘బ్లాజోనీరుంగ్’ అంటారు. బొమ్మను ఏ చిత్రకారుడు తన శైలిలో గీసినా ఆ వాక్యానికి కట్టుబడితే చిహ్నం అదే. సింహం జూలు ఎన్ని పాయలుగా ఉండాలన్నది గీసేవాడి ఇష్టం, సింహం ఏ రంగన్నది వాక్యం ఇష్టం. ఆ వాక్యం కట్టే తీరు చూడండి. స్వాబియా ప్రాంతంలో బిబెరాఖ్ అనే పట్టణం ఉంది. దాని చిహ్నంలో నీలి డాలు మీద కిరీటం పెట్టుకున్న బంగారు బీవరు (నీళ్లలో తిరిగే ఎలుకజాతి జంతువు). జర్మన్‌లో మొదలుపెట్టడమే ‘ఇన్ బ్లావ్’ అని, అంటే ‘నీలంలో’ అని. ముందు డాలు రంగు, ఆ తర్వాత బొమ్మ రంగు, బొమ్మ పేరు. క్రియ ఉండదు. జర్మన్‌లో క్రియ లేని వాక్యం పట్టుబట్టి కట్టాల్సిందే, మనకు అది అమ్మ చేతి అన్నం. ‘నీలి నేలపై కిరీటం గల బంగారు బీవరు.’ అంతే, వాక్యం పూర్తయింది.

ఇందులో పసుపు అనరు, బంగారం అంటారు. తెలుపు అనరు, వెండి అంటారు. ఈ రెండూ లోహాలు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు వర్ణాలు. లోహం మీద లోహం, వర్ణం మీద వర్ణం పెట్టకూడదన్నది పాత నియమం. దూరం నుంచి చూసినా గుర్తుపట్టాలి కదా. మనం కూడా ‘బంగారు’, ‘వెండి’ అని రాస్తే మీ అమ్మమ్మగారి పచ్చకూ మన పచ్చకూ తగువు ఉండదు.

జెండాలకూ ఒక పద్ధతి ఉంది. చాలాచోట్ల చిహ్నంలో బొమ్మ రంగు పైపట్టీకి, డాలు రంగు కిందిపట్టీకి వస్తుంది. తెల్ల నేలపై నల్ల గద్ద ఉన్న ప్రష్యా జెండా నలుపు-తెలుపు అయ్యింది అలాగే. హెల్గోలాండ్ జెండాలో ఆకుపచ్చ, ఎరుపు పక్కపక్కనే ఆనుకుని ఉన్నాయి, రెండూ వర్ణాలే. శాస్త్రం బాగా చదువుకున్నవాళ్లు నొసలు చిట్లిస్తారేమో. ఆ దీవిలో గడ్డి కిందే ఎర్ర రాయి ఉంది, మధ్యలో వెండి పొర లేదు. ఇక్కడ నేను దీవి పక్షమే.

మూలాక్షరి:

బాబూ పదసేవా, అంతా బాగుంది గానీ ‘చిహ్నం’ అని సరిపెట్టేస్తున్నావు. రోడ్డు మీద మలుపు గుర్తూ చిహ్నమే, ఎన్నికల గుర్తూ చిహ్నమే. మనకు శాసనాల్లో మంచి మాట ఉంది: ‘లాంఛనం’. చాళుక్యుల తామ్రశాసనాలు తీసి చూడు, ‘వరాహలాంఛన’ అని ఎంత ఠీవిగా ఉంటుందో. నారాయణుడి ప్రసాదంగా దొరికిన ఆ లాంఛనాన్ని చూసిన క్షణంలోనే శత్రువులు వశమయ్యారని చెప్పుకున్నారు. వేంగి చాళుక్యులదీ ఇదే లాంఛనం. ఇంతకన్నా దగ్గరి మాట ఎక్కడ దొరుకుతుంది?

పదసేవ:

అమ్మా, నమస్కారం. మీరు ఈ మాట తెస్తారని ఎదురుచూశాను. జర్మన్ మాట ‘వాపెన్’. అది ‘వాఫె’, అంటే ఆయుధం, అనే మాటకు తోబుట్టువు. ఒకే మాట దిగువ జర్మన్ ఉచ్చారణలో ‘వాపెన్’గా, ఎగువ జర్మన్ ఉచ్చారణలో ‘వాఫె’గా నిలిచి, తర్వాత ఒకటి డాలు మీద గుర్తుకూ మరొకటి ఆయుధానికీ స్థిరపడ్డాయి. శత్రువు చూసిన క్షణంలోనే లొంగాడన్న మీ శాసనానికి ఇది దగ్గరగానే ఉంది.

ఒకే భయం. నేటి తెలుగులో ‘లాంఛనంగా ప్రారంభించారు’ అంటే పేరుకు జరిపించారని. పెళ్లి మాటల్లో ‘లాంఛనాలు’ అంటే ఇచ్చిపుచ్చుకోవడాలు. ‘ఊరి లాంఛనం’ అని మొదటిసారి వాడేటప్పుడు ‘డాలు’ అనే మాట పక్కన ఉంచితే చాలనుకుంటాను. ‘ఊరి డాలులాంఛనం’. తర్వాత ‘లాంఛనం’ ఒక్కటే సరిపోతుంది. ఇకపై అలాగే రాస్తాను.

మూలాక్షరి:

సరే. జెండాకు కూడా అచ్చతెలుగు ఉంది సుమా. ‘పడగ’, ‘టెక్కెము’. పాముపడగ ఒక్కటే పడగ అనుకుంటారు పిల్లలు. ‘కోటికి పడగెత్తినవాడు’ అన్నప్పుడు ఎత్తింది జెండానే. కోటి కూడినవాడు ఇంటి మీద జెండా ఎత్తేవాడని పెద్దలు చెప్పేవారు.

నల్లరేగడి:

మూలాక్షరి గారూ, ‘కోటికి పడగెత్తడం’ వెనుక జెండా ఉందని నాకు ఇవాళే తెలిసింది. ధన్యవాదాలు. పదసేవ గారూ, బిబెరాఖ్ పేరులోనే బీవరు ఉన్నట్టుందే? ఊరి పేరును బట్టే బొమ్మ పెడతారా?

పదసేవ:

బాగా పట్టారు. జర్మన్‌లో ‘బీబర్’ అంటే బీవరే. ఇలాంటి వాటిని ‘రేడెండెస్ వాపెన్’ అంటారు, మాట్లాడే లాంఛనం అని. బొమ్మే ఊరి పేరు పలుకుతుంది. బవేరియాలోని ఎబెర్స్‌బెర్గ్‌లో ‘ఎబెర్’ అంటే మగ అడవిపంది, ‘బెర్గ్’ అంటే కొండ. లాంఛనంలో కొండెక్కుతున్న పంది. ఓక్సెన్‌ఫుర్ట్‌లో ఎద్దు, రోజెన్‌హైమ్‌లో గులాబీ. చదువు రానివాడు కూడా ఊరి ముద్ర చూసి ఊరి పేరు చెప్పగలిగేవాడు.

కొన్నిసార్లు బొమ్మ పేరుకు కొత్త మూలం కల్పిస్తుంది. ఆలెన్ పట్టణం లాంఛనంలో మెలికలు తిరిగిన పాముచేప ఉంటుంది, జర్మన్‌లో ‘ఆల్’ అంటే అదే కాబట్టి. అయితే ఆ ఊరు ఒకప్పుడు రోమన్ అశ్వదళం పెద్ద శిబిరం. అశ్వదళానికి లాటిన్‌లో ‘ఆలా’ అని పేరు. ఊరి పేరు దాని నుంచే వచ్చిందనే వాదన ఉంది. ఏది నిజమైనా డాలు మీద గుర్రం లేదు, చేపే ఉంది. జనం నోట్లో మాట వినిపించిన తీరును బొమ్మ పట్టేసుకుంది. నా దృష్టిలో అది కూడా భాషా చరిత్రే, తప్పు అని కొట్టేయాల్సింది కాదు.

అన్ని లాంఛనాలూ పాతవి కావు. గ్రామాల లాంఛనాల్లో చాలావరకు 20వ శతాబ్దంలో వచ్చినవే. బవేరియాలో గుండ్రెమ్మింగెన్ అని ఓ చిన్న ఊరు ఉంది. అక్కడ అణువిద్యుత్ కేంద్రం కట్టారు, డాలు మీదికి పరమాణువు గుర్తు ఎక్కింది. చివరి రియాక్టరును 2021 ఆఖరున ఆపేశారు, శీతలీకరణ గోపురాలను 2025 అక్టోబరులో కూల్చేశారు. 1968–78 మధ్య పశ్చిమ జర్మనీలో ఊళ్లను విలీనం చేసి సుమారు 24 వేల స్థానిక సంస్థలను 8,500 వరకు తగ్గించారు. అలా కలిసిపోయిన ఊళ్ల లాంఛనాలు అధికార ముద్రలుగా చెల్లకుండా పోయాయి.

కొల్లేటి కొంగ:

అయితే అమ్మగారి వరాహలాంఛనాన్ని ఈ పద్ధతిలో రాయండి చూద్దాం. ‘ఏ నేలపై ఏ వరాహం’?

పదసేవ:

అక్కడే ఆగిపోయాను కొంగ గారూ. ‘కుడివైపు తిరిగిన వరాహం’ వరకు వచ్చాను. అందులోనూ ఒక మెలిక ఉంది. జర్మన్ పద్ధతిలో కుడి అంటే డాలు పట్టుకున్నవాడి కుడి, చూసేవాడికి అది ఎడమ. రాగిరేకు మీది ముద్రకు పట్టుకున్నవాడు ఎవరు? ఇక రంగులు: ‘వరాహలాంఛన’ అన్న ఆ సమాసంలో వరాహం ఉంది, వర్ణం లేదు. జర్మన్ వాక్యం మొదలయ్యేదే డాలు రంగుతో. మూలాక్షరి గారూ, వరాహానికి గానీ దాని నేలకు గానీ రంగు చెప్పిన శాసనపాఠం మీకు ఎక్కడైనా తగిలిందా? తగిలితే ఆ భాగం ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, దాన్నుంచి మొదలుపెడదాం.