‘గ్రామస్థులే కట్టుకున్నారు’ అన్న మాటను ఎలా సరిచూసుకోవాలి?

సీతమ్మధార వాసి (ప్రశ్న):

సభ్యులకు నమస్కారం. మా విశ్రాంత ఉద్యోగుల సంఘం ఏటా చందాలు వేసుకుని ఏదో ఒక స్వచ్ఛంద సంస్థకు విరాళం పంపుతుంది. ఈసారి ఆఫ్రికా పల్లెల్లో బడులు, వైద్యశాలలు కట్టే ఒక సంస్థను ఎంచుకుని, విరాళంతోపాటు ఒక సాయంత్రం ఆ కట్టడాల ఛాయాచిత్ర ప్రదర్శన కూడా పెట్టాలనుకున్నాము. వారు పంపిన ప్రతి ఫోటో కింద ‘గ్రామస్థులే కట్టుకున్నారు’ అని రాసి ఉంది. ఫోటోలలో మాత్రం రిబ్బను కత్తిరిస్తున్న దాతలు, వెనుక చప్పట్లు కొడుతున్న పిల్లలు తప్ప తాపీ పట్టుకున్న మనిషి ఒక్కరూ లేరు.

నా అనుమానానికి కారణం ఉంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పాడేరు దగ్గర ఒక గిరిజన గ్రామంలో ఒక సంస్థ కట్టించిన సామాజిక భవనానికి సాంకేతిక సాయం చేశాను. ప్రారంభోత్సవం నాడు థింసా ఆడారు, మా మెడల్లో దండలు వేశారు. రెండేళ్ల తరువాత ఆ దారిన వెళ్తే భవనానికి తాళం వేసి ఉంది, వరండాలో చింతపండు ఆరబోసి ఉంది. కాపలా కూర్చున్న ముసలామె నన్ను గుర్తుపట్టి, ‘మీ హాలు తాళం తెచ్చారా బాబూ?’ అని అడిగింది. ఆమె ‘మా హాలు’ అనలేదు.

ప్రదర్శనలో ఏవి చూపాలి, ఆ సంస్థను ఏమి అడగాలి? తెలిసినవారు చెప్పగలరు.

కట్టడాల పంతులమ్మ:

అయ్యా, ముందుగా బుర్కినా ఫాసోలోని గాండో బడిని చూపండి. ఆ ఊరివాడైన ఫ్రాన్సిస్ కేరే సొంత ఊళ్లో బడి లేక ఏడేళ్ల వయసులోనే ఇల్లు వదిలి వెళ్లి చదువుకున్నారు. తరువాత బెర్లిన్‌లో వాస్తుశిల్పం చదువుతూ ఉండగానే చందాలు పోగుచేసి ఊరికి బడి కట్టించారు. 2001లో అది పూర్తయింది, 2004లో దానికి ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది, 2022లో ఆయనకు వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి అందుకున్న తొలి ఆఫ్రికా వాస్తుశిల్పి ఆయనే.

అయితే బహుమతుల కంటే ఆ కట్టుబడిని చూపితే బాగుంటుంది. మట్టి గోడలు వానకు కరిగిపోతాయన్న భయంతో ఊరివారు మొదట ఒప్పుకోలేదట. అందుకని స్థానిక బంకమట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, అచ్చులో నొక్కి ఇటుకలు చేశారు. రేకుల కింద కూర్చుంటే వేసవిలో ఎలా ఉంటుందో విశాఖవారికి చెప్పనక్కరలేదు కదా. అక్కడ రేకుల కప్పును ఇటుకల లోకప్పుకు ఆనించకుండా ఇనుప చట్రం మీద ఎత్తులో నిలబెట్టడంతో వేడిగాలి మధ్యలో నుంచి బయటికి పోతుంది. నేలను ఆడవాళ్లు దిమ్మిస కొట్టి, రాళ్లతో నున్నగా పామారు. అక్కడ పని నేర్చుకున్నవారిలో కొందరు ఆ పనితోనే వేరేచోట్ల సంపాదించుకున్నారు. ‘కట్టుకున్నారు’ అనడానికి నాకు తెలిసిన గట్టి రుజువు అదే.

మాలిలోని జెన్నె మసీదు ఫోటో కూడా పెట్టండి. ఇప్పుడున్న కట్టడం 1907 నాటిది. పండుగకు మన ఇళ్లలో గోడలు అలికినట్టు ఊరంతా కలిసి ఏటా దానికి కొత్త మట్టి మెత్తుతారు. అక్కడ మరమ్మతే పండుగ.

బోరింగు మనిషి:

పంతులమ్మగారితో ఏకీభవిస్తూ, నేను పనిచేసిన నీటి విషయం చెబుతాను. పిల్లలు రంగులరాట్నం తిప్పుతూ ఆడుకుంటే నీరు పైకి వస్తుందన్న ‘ప్లేపంపు’ దక్షిణాఫ్రికాలో పుట్టింది, 2006లో దానికి అమెరికా నుంచి పెద్ద మొత్తాలు ప్రకటించారు. ఫోటోల్లో అది ఎంత అందంగా ఉంటుందో! కానీ దాహం వేసినప్పుడల్లా ఆడుకోవడానికి పిల్లలు ఉండరు కనుక, చాలాచోట్ల ఆ చక్రాన్ని ఆడవాళ్లే వంగి తిప్పవలసి వచ్చింది. చెడిపోతే బాగుచేయడం ఊరివారి చేతిలో లేదు. 2010 నాటికి ఆ ప్రయత్నాన్ని దాతలే వదిలేశారు.

మన ఊళ్లలో బోరింగు అని పిలిచే ఇండియా మార్క్-2 చేతిపంపు 1970లలో యూనిసెఫ్ సాయంతో మన దేశంలోనే రూపొంది, తరువాత ఆఫ్రికాలో ఎన్నో దేశాలకు పాకింది. దానికీ ఒక లోపం ఉంది: లోపలి వాషరు మార్చాలంటే బరువైన ఇనుప గొట్టాలన్నీ పైకి లాగాలి, అందుకు పానాలతో మెకానిక్కు రావాలి. ఆ బాధ తప్పించి, మరమ్మతు పనిని ఊరివారే చేసుకునేలా 1980లలో మలావీ, కెన్యాలలో ఆఫ్రిదేవ్ పంపును తయారుచేశారు. కాబట్టి ఆ సంస్థను ఎన్ని బోర్లు వేశారని అడగకండి. వాషరు అరిగితే ఎవరు మారుస్తారు, అది ఏ అంగడిలో దొరుకుతుంది, డబ్బు ఎవరి దగ్గర జమ ఉంది అని అడగండి.

గాజువాక పాఠకుడు:

ఒక చిన్న విభేదం. ‘శ్రమదానం’ అన్న మాటకు మురిసిపోవద్దు. రువాండాలో నెలకు చివరి శనివారం జరిగే ‘ఉముగాండా’ను మనవాళ్లు శ్రమదానం అని అనువదిస్తారు గాని, అక్కడ పెద్దలు పాల్గొనడం చట్టప్రకారం తప్పనిసరి. రోజు కూలి మీద బతికే మనిషి చేత ఉచితంగా ఇటుకలు మోయించి, దాన్ని సామూహిక స్ఫూర్తి అనడం నాకు నచ్చదు. అదే దేశంలో 2011లో తెరిచిన బుటారో ఆసుపత్రికి స్థానికులను కూలికి పెట్టుకున్నారు. పొలాలలో అడ్డమని రైతులు ఏరి పారేసే అగ్నిపర్వతపు రాళ్లతోనే గోడలు లేపారు. కూలి ఎంత ఇచ్చారో ఆ సంస్థ చెబుతుందేమో చూడండి.

సీతమ్మధార వాసి:

అందరికీ కృతజ్ఞతలు. రిబ్బను ఫోటోలు పక్కన పెట్టి, పని జరుగుతున్నప్పటి ఫోటోలు, రెండేళ్లు దాటిన కట్టడాల ఫోటోలు పంపమని ఈరోజే ఉత్తరం రాశాను. కూలి, మరమ్మతు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్న మూడు ప్రశ్నలు కూడా అందులో చేర్చాను. జవాబు వచ్చాకే చందా పంపుదామని సంఘంలో అనుకున్నాము. గాండో ఫోటో పక్కన పెట్టడానికి ఒక పాత చెక్క దిమ్మిస కావాలి. మధురవాడ, భీమిలి వైపు ఎవరి పెరట్లోనైనా మిగిలి ఉంటే వారం రోజులు ఇప్పించగలరు, జాగ్రత్తగా తెచ్చి అప్పగిస్తాము.