ఇంటి వర్క్‌షాపులో ఎయిర్ రైఫిల్ తయారు చేసుకోవడం సమంజసమేనా?

ఆటోనగర్ టర్నర్ (విజయవాడ):
అందరికీ నమస్కారం. ఇరవై ఆరేళ్లుగా లేత్ పని చేస్తున్నాను. ఇంటి వెనుక షెడ్డులో నా సొంత లేత్, చిన్న మిల్లింగ్ యంత్రం ఉన్నాయి. మా అక్క కొడుకు మెకానికల్ డిప్లొమా రెండో ఏడు చదువుతున్నాడు. వాడికి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీల మీద మనసు పడింది. విదేశీ మ్యాచ్ రైఫిల్ కొనాలంటే లక్షలు కావాలి కనుక, ‘మామయ్యా, యంత్రాలున్నాయి, నీ చేతిలో పనితనం ఉంది, మనమే చేసుకుందాం’ అని మూడు నెలలుగా వెంటపడుతున్నాడు. చెయ్యలేనేమోనన్న అనుమానం నాకు లేదు, చెయ్యవచ్చునా అన్నదే నా సందేహం. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పల్లెగాలి (ఖమ్మం జిల్లా):
తప్పకుండా చెయ్యవచ్చుననే నేను అంటాను. జాతరలో బెలూన్లు కొట్టే తుపాకీని చూసి ఎవరూ భయపడరు, పిట్టల తుపాకీ అని పిల్లలు సైతం పిలుస్తారు. ఇది మందుగుండు ఆయుధం కాదు, ఒత్తిన గాలితో సీసపు గుండును తోసే సాధనం. 1780 ప్రాంతంలోనే ఆస్ట్రియా సైన్యం జిరార్డోని అనే గాలి తుపాకీని వాడింది. అమెరికాలో 1804లో బయలుదేరిన లూయిస్, క్లార్క్ అన్వేషణ బృందం కూడా గాలి తుపాకీని వెంట తీసుకువెళ్లింది. కరెంటు యంత్రాలు లేని రోజుల్లో చేతిపనివారు చేసిన వస్తువును, ఈనాడు మైక్రోమీటరు చేతపట్టిన టర్నరు చెయ్యకూడదనడం మన పనివారిని చిన్నచూపు చూడడమే అవుతుంది. పైగా కుర్రవాడు చదువుతున్నది కూడా ఆ విద్యే కదా.

గురి (హైదరాబాద్):
పదేళ్లుగా ఈ క్రీడలో ఉన్నాను, అందుకే ఒక్క మాట చెబుతాను. పోటీ రైఫిల్ బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, 4.5 మిల్లీమీటర్లు, బరువు 5.5 కిలోలు మించరాదు. లక్ష్యం మీద పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచినా, 2012లో లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచినా ఆ చుక్క దగ్గరే. దాన్ని పదే పదే కొట్టాలంటే ప్రతి గుండూ ఒకే వేగంతో బయటికి రావాలి. గాలిని కొలిచి వదిలే రెగ్యులేటరు, లోపల సన్నని మెలికల గాట్లు ఉన్న బ్యారెల్ (గొట్టం), ట్రిగ్గరు, ఈ మూడింటినీ ఇంట్లో ఆ స్థాయికి తేవడం నాకైతే సాధ్యంగా కనిపించడం లేదు. మూడేళ్లు కష్టపడి తయారు చేశాక కుర్రవాడికి చేతికొచ్చేది గురి కుదరని రైఫిల్. ఆ మూడేళ్లూ షూటింగ్ క్లబ్బు రైఫిల్‌తో సాధన చేస్తే వాడి భుజం, ఊపిరి, కన్ను పోటీకి సిద్ధమవుతాయి.

నల్లకోటు (వరంగల్):
పల్లెగాలి గారు ‘ఇది మందుగుండు ఆయుధం కాదు’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. 1959 నాటి ఆయుధాల చట్టంలో తుపాకీకి ఇచ్చిన నిర్వచనం పేలుడు పదార్థంతో ఆగలేదు, మరే ఇతర శక్తితోనైనా గుండును ప్రయోగించే ఆయుధాన్ని కూడా అందులో కలిపింది. ఒత్తిన గాలి కూడా శక్తే. అందరికీ తెలిసిన మినహాయింపు ఒకటుంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బోరు 4.5 మిల్లీమీటర్లు, గొట్టం నుంచి బయటికి వచ్చేటప్పుడు గుండుకు ఉండే శక్తి 20 జౌళ్లు (జౌల్ అంటే శక్తి కొలమానం) దాటకపోతే ఎయిర్ రైఫిల్ కొనుక్కోవడానికి, ఉంచుకోవడానికి లైసెన్సు అక్కరలేదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. ఉంచుకోవడం గురించి చెప్పేది 3వ సెక్షన్. తయారు చేయడం, మార్చడం, మరమ్మతు చేయడం, పరీక్షించడం గురించి చెప్పేది 5వ సెక్షన్. మొదటిదానికి దొరికిన వెసులుబాటు రెండోదానికి కూడా దానంతటదే వర్తిస్తుందని ఊహించుకుని లేత్ తిప్పడం ప్రమాదకరం. లైసెన్సు లేని తయారీకి 2019 సవరణ తరువాత శిక్ష ఏడేళ్ల నుంచి మొదలవుతుంది. డిప్లొమా చదివే పిల్లవాడి భవిష్యత్తును అంత పెద్ద ఊహ మీద పెట్టకండి. జిల్లా అధికారుల వద్ద రాతపూర్వకంగా జవాబు తీసుకోనిదే ఒక్క ముక్క కూడా కోయవద్దని నా మనవి.

ఇంకొక సంగతి. 20 జౌళ్లు దాటిందో లేదో ఇంట్లో చేసేవారికి తెలిసేదెలా? అర గ్రాము పైచిలుకు, అంటే 0.53 గ్రాముల గుండు సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళితే శక్తి 7.7 జౌళ్లకు దగ్గరగా ఉంటుంది. అదే గుండు 275 మీటర్ల వేగం అందుకుంటే 20 జౌళ్ల హద్దు తాకినట్లే. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. ‘కొంచెం గట్టి స్ప్రింగు వేద్దాం’ అనుకున్న రోజునే, మీకు తెలియకుండానే హద్దు దాటిపోవచ్చు.

బాయిలర్ మనిషి (విశాఖపట్నం):
చట్టం సంగతి వకీలుగారు చెప్పారు. నేను ముప్పై ఏళ్లు పీడన పాత్రల తనిఖీలో గడిపినవాడిని కనుక ఇనుము సంగతి చెబుతాను. ఈనాటి మ్యాచ్ రైఫిల్‌లో గాలి నిండే సిలిండరు సుమారు 200 బార్ల పీడనంతో పనిచేస్తుంది. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 200 కిలోల తోపు. బొటనవేలి గోరంత చోట ఇద్దరు ముగ్గురు మనుషులు ఎక్కి నిలబడినట్లు ఊహించుకోండి. ఆ సిలిండరు గురికాడి చెంపకు జానెడు దూరంలో ఉంటుంది.

పల్లెగాలి గారు జిరార్డోని పేరు ఎత్తారు కదా, దాన్ని నింపడానికి సుమారు 1500 సార్లు పంపు కొట్టాల్సి వచ్చేది. దాని గాలి బుడ్డిని తయారు చేయడం, కాపాడుకోవడం కష్టమైపోవడమే ఆ తుపాకీ సైన్యంలో నిలవకపోవడానికి ఒక ముఖ్య కారణం. రెండు వందల ఏళ్ల క్రితమే బలహీనత బయటపడింది బుడ్డి దగ్గరే.

నా కళ్లెదుట జరిగినది చెబుతాను. ఒక షెడ్డులో సొంతంగా చేసిన గాలి ట్యాంకును నీటితో పరీక్షించకుండా నేరుగా గాలితో పరీక్షించారు. పీడనం 10 బార్లు కూడా దాటలేదు. మూత థ్రెడ్లు ఒలిచినట్లు ఊడి, ఆ మూత పైకప్పు రేకును చీల్చుకుని పోయింది. ఆ రేకులో పడిన చంద్రవంక ఆకారపు చీలిక ఇప్పటికీ నా కళ్లలో ఉంది. ఒక కుర్రవాడి మణికట్టు విరిగింది, నెత్తికి తగలకపోవడం వాడి అదృష్టం. ఆ థ్రెడ్లు కోసినవాడు పని తెలియనివాడు కాడు, మంచి పనివాడు. లోహం ఏ రకమో, లోపల పగులు ఉందో లేదో కంటికి కనిపించదు కదా. కంపెనీ సిలిండరు మీద కూడా తయారైన తేదీ వేస్తారు, మామూలుగా పదేళ్ల ఆయుష్షు నిర్ణయిస్తారు, గడువు దాటినదాన్ని పోటీలోకి రానివ్వరు. ఇంట్లో చేసినదానికి ఆ తేదీ ఎవరు వేస్తారు? ఆ పూచీ ఎవరు తీసుకుంటారు?

పల్లెగాలి (ఖమ్మం జిల్లా):
సిలిండరు విషయంలో మీతో వాదించను, ఆ లెక్క నేను వేసుకోలేదు. అయినా నా అసలు మాట అలాగే ఉంది. పనివాడు నేర్చుకోవడానికి, పర్యవేక్షణలో చెయ్యడానికి ఒక దారి ఉండాలి. పాలిటెక్నిక్ ల్యాబులో, అనుమతి తీసుకుని, పరీక్షలు చేసే మనిషిని పెట్టుకుని ఎందుకు చెయ్యకూడదు? అన్నింటినీ విదేశాల నుంచే కొంటూ పోతే మన షెడ్లలో పనితనం ఎలా పెరుగుతుంది?

నల్లకోటు (వరంగల్):
అనుమతి ముందు, లేత్ తరువాత అంటే నాకు అభ్యంతరం లేదు. నా భయం ఇంకొకటి. ఊళ్లలో ఈ తుపాకులు లక్ష్యపు కాగితం దగ్గర ఆగడం లేదు, పావురాల మీదికీ నెమళ్ల మీదికీ పోతున్నాయి. నెమలి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న పక్షి. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో ఎయిర్ గన్‌లు అప్పగించమని ప్రభుత్వమే ఉద్యమం మొదలుపెట్టిందంటే, వేటకు అవి అంతగా వాడుకలో ఉన్నాయన్నమాట.

ఆటోనగర్ టర్నర్ (విజయవాడ):
అందరి మాటలూ రెండుసార్లు చదివి, మావాణ్ని పక్కన కూర్చోబెట్టి చదివించాను. బాయిలర్ మనిషిగారు రాసిన రేకు సంగతి దగ్గర వాడు చాలాసేపు మాట్లాడలేదు. బ్యారెల్, సిలిండరు, వాల్వు నా షెడ్డులో చెయ్యకూడదని నిర్ణయించుకున్నాము. హైదరాబాద్ వెళ్లినప్పుడు గురి గారు చెప్పినట్లు క్లబ్బు రైఫిల్ పట్టిస్తాను. పని చెయ్యాలన్న వాడి తపన మాత్రం చల్లారలేదు, అందుకని గుండ్లు ఆపే ఇనుప పెట్టె చేద్దామన్నాను. వెనుక పలక వాలుగా ఉండాలి, గుండు వెనక్కి ఎగిరి రాకుండా కిందికి జారాలి. కొలతలు వాడే గీశాడు, వాలు సరిపోలేదని నేను కొట్టేశాను, మళ్లీ గీస్తున్నాడు. ఆదివారం పలక కోస్తాము.