అచలం అంటే కొండేనా?

గోదారిగట్టు: నిన్న సామర్లకోటలో పక్క లైన్లో గూడ్సు కదిలితే మా రైలే వెనక్కి పోతోందనుకున్నాను. అప్పట్నుంచి ఆర్యభటీయం శ్లోకం సగమే నాలుక మీద ఆడుతోంది. "అనులోమగతిర్నౌస్థః పశ్యత్యచలం..." తర్వాతేంటి? అచలం అంటే ఇక్కడ కొండా, కదలనిదా?

ఛందోపిచ్చి: "...విలోమగం యద్వత్". పడవలో ముందుకు పోయేవాడికి అచలం వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది, అలాగే అని. గోళపాదం అనే భాగంలో తొమ్మిదో శ్లోకం. కొండే. పాపికొండల్లో లాంచీ ఎక్కినవాళ్లకి వేరే చెప్పాలా?

లెక్కల మాస్టారు: తొందరపడకండి. కింది పంక్తిలోనే "అచలాని భాని", అంటే అచలమైన నక్షత్రాలు, అన్నాడు. నక్షత్రాలు కొండలా?

ఛందోపిచ్చి: అందుకే శ్లేష అంటాను మాస్టారూ. పుంలింగమైనా నపుంసకమైనా ద్వితీయలో అచలమే, విలోమగమే. వ్యాకరణం తేల్చదు.

గోదారిగట్టు: తేడా పడుతుందండీ. కొండయితే ఒక గుర్తు, దాన్నిబట్టి పడవ కదిలిందంటాం. కదలనిది అంటే మాత్రం దేన్నిబట్టి కదలనిది?

లెక్కల మాస్టారు: అలాంటి పేచీయే 628లో బ్రహ్మగుప్తుడు పెట్టాడు. "ప్రాణేనైతి కలాం భూః", అంటే ఒక ప్రాణానికి (4 సెకన్లకి) భూమి ఒక కల, డిగ్రీలో అరవయ్యో వంతు, తిరుగుతుందన్న ఆర్యభటుడి మాటని ఎత్తుకుని, "కుతో వ్రజేత్ కమధ్వానమ్" అన్నాడు. ఎక్కణ్ణుంచి, ఏ దారిన పోతుందయ్యా అని! తర్వాత కొందరు వ్యాఖ్యాతల పాఠంలో భూః పోయి భం, అంటే నక్షత్రం, వచ్చింది. ఒక్క అక్షరంతో భూమి ఆగింది, చుక్కలు తిరిగాయి. చుట్టుకి 21,600 కలలు, రోజుకి 21,600 ప్రాణాలు. ఏది తిరిగినా లెక్క అదే.

ఛందోపిచ్చి: భూః, భం రెండూ గురువులే. ఛందస్సూ దొంగని పట్టివ్వదు.

పోతన వీరాభిమాని: దీనికింత సంస్కృతం ఎందుకండీ? వామనుడు పెరుగుతుంటే మన పోతన సూర్యబింబాన్ని "ఛత్రంబై శిరోరత్నమై" అని మొదలెట్టి, మెళ్లోకీ చేతికీ నడుముకీ దించి, చివరికి పదపీఠం చేశాడు. సూర్యుడు ఉన్నచోటే ఉన్నాడు. పడవ వటుడు, ఒడ్డు సూర్యుడు. అయిపోయింది.

లెక్కల మాస్టారు: అది గతి కాదు, పెరుగుదల.

పోతన వీరాభిమాని: తల పైకి పోవడం గతి కాదా? "ఇంతింతై"లో మాత్రం ఏముంది? చంద్రునికంత, ధ్రువునిపైనంత. ఎంత అంటే పక్కవాణ్ణి చూపించడమే తప్ప అడుగులూ ఆమడలూ చెప్పాడా?

ఛందోపిచ్చి: ఆ ధ్రువుడూ కదిలేవాడే, పేరుకే ధ్రువం.

లాంతరు: మా అమ్మ బస్సులో "ఊరొచ్చింది, దిగు" అనేది. ఊరెలా వస్తుందని మేమెవరం అడగలేదు.

కరీంనగరం: మా దిక్కు "ఊరచ్చింది" అంటం.

ఛందోపిచ్చి: ఆగండాగండి. ఆ వకారం ఎక్కడికి పోయింది?

గోదారిగట్టు: అచలం సంగతి...

లెక్కల మాస్టారు: ఉండండి, ముందు వకారం.