లింక్ చేసిన టేబుల్ తెరుచుకుంటోంది, ఒక్క అక్షరం మార్చనివ్వడం లేదు

కొత్తక్వెరీ:
మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ టేబుళ్లు ఐదు ఓడీబీసీతో (వేరే డేటాబేస్‌కి కనెక్ట్ అయ్యే పద్ధతి) లింక్ చేశాను. నాలుగు బాగున్నాయి. ఐదోది తెరిస్తే డేటా అంతా కనిపిస్తుంది, టైప్ చేస్తే మాత్రం అక్షరం పడదు. కింద స్టేటస్ బార్‌లో ‘దిస్ రికార్డ్‌సెట్ ఈజ్ నాట్ అప్‌డేటబుల్’ అని వస్తుంది. అడ్మిన్ గారేమో పర్మిషన్లన్నీ ఇచ్చేశానంటున్నారు. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

పాతకాపు:
టేబుల్ అట్టడుగుకి వెళ్లి చూడండి. మిగతా నాలుగింట్లో నక్షత్రం గుర్తుతో ఒక ఖాళీ వరస ఉంటుంది. ఐదోదాంట్లో ఉండదు. ఉండకపోతే ముందు అనుమానించాల్సింది పర్మిషన్ని కాదు, ప్రైమరీ కీని, అంటే ఒక్కో వరసని విడిగా గుర్తుపట్టించే కాలమ్‌ని. కీ గానీ యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండోసారి రానివ్వనిది) గానీ లేకపోతే, మీరు మార్చింది ఏ వరసో సర్వర్‌కి చెప్పే దారి యాక్సెస్‌కి ఉండదు. అందుకే అసలు ముట్టుకోనివ్వదు. లింక్ చేసేటప్పుడు ‘సెలెక్ట్ యూనిక్ రికార్డ్ ఐడెంటిఫైయర్’ అని ఒక బాక్స్ వచ్చిందా?

కొత్తక్వెరీ:
వచ్చిందండీ. చదవకుండా ఓకే కొట్టేశాను 🙈 ఇప్పుడు అడ్మిన్ గారు సర్వర్‌లో కీ పెట్టారు. అయినా అదే గొడవ.

పాతకాపు:
లింక్ చేసిన రోజు టేబుల్ ఎలా ఉందో యాక్సెస్ అదే గుర్తుపెట్టుకుంటుంది. ఆ లింక్ డిలీట్ చేసి కొత్తగా లింక్ చేయండి. భయపడకండి, పోయేది లింకే, సర్వర్‌లో డేటా అలాగే ఉంటుంది.

రాత్రిషిఫ్ట్:
నాకు ఇదే గొడవ వ్యూతో (సర్వర్‌లో సేవ్ చేసిన క్వెరీ, టేబుల్‌లా కనిపిస్తుంది) వచ్చింది. వ్యూకి ప్రైమరీ కీ ఉండదు కదా, ఆ బాక్స్‌లో మనమే కాలమ్ ఎంచుకోవాలి. అప్పుడు వదిలేసినా, తర్వాత యాక్సెస్‌లోనే ‘క్రియేట్ యూనిక్ ఇండెక్స్’ క్వెరీ ఆ లింక్ మీద నడపొచ్చు. సర్వర్‌లో ఏమీ మారదు, యాక్సెస్ తన దగ్గర రాసుకుంటుంది అంతే. లింక్ డిలీట్ చేస్తే అదీ పోతుంది.

కానీ ఎంచుకునే కాలమ్ నిజంగా యూనిక్ అయ్యుండాలి. నేను తెలివిగా ఇన్‌వాయిస్ నంబర్ ఎంచుకున్నాను. ఒక్కో ఇన్‌వాయిస్‌కి నాలుగైదు ఐటమ్స్ ఉంటాయి. తెరిచి చూస్తే మొదటి ఐటమే నాలుగైదు సార్లు కనిపించింది, మిగతావి మాయం. డేటా పోయిందనుకుని గుండె జారిపోయింది. నంబర్‌తో పాటు లైన్ నంబర్ కూడా కలిపి ఎంచుకున్నాక సర్దుకుంది.

నీలితెర:
ఎస్‌క్యూఎల్ సర్వర్ బదులు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్లు డీఎస్‌ఎన్ (ఓడీబీసీ కనెక్షన్ వివరాలు) సెట్టింగ్స్‌లో ‘రీడ్ ఓన్లీ’ టిక్ ఉందేమో కూడా చూసుకోండి. నాకు కీ ఉంది, పర్మిషన్ ఉంది, ఆ టిక్ కూడా ఉంది 😀

షీట్‌లవాడు:
ఎక్సెల్ షీట్ లింక్ చేస్తే కూడా నాకు ఇంతే. దానికీ కీ పెట్టాలా?

పాతకాపు:
దానికి ఏం పెట్టినా లాభం లేదు. ఒకప్పుడు యాక్సెస్ నుంచే ఎక్సెల్ సెల్ మార్చగలిగేవాళ్లం. ఒక పేటెంట్ కేసు తర్వాత మైక్రోసాఫ్ట్ ఆ సౌకర్యం తీసేసింది, యాక్సెస్ 2003కి అది సర్వీస్ ప్యాక్ 2తో పోయింది. షీట్‌ని ఇంపోర్ట్ చేసుకోండి, లేదా ఎక్సెల్‌లోనే మార్చండి.

కొత్తక్వెరీ:
మళ్లీ లింక్ చేశాను, నక్షత్రం వచ్చింది! టేబుల్‌లో ఎడిట్ అవుతోంది. దాని మీద కట్టిన క్వెరీ మాత్రం ఇంకా మొండికేస్తోంది.

పాతకాపు:
క్వెరీలో గ్రూప్ బై (వరసల్ని గుంపులుగా కలిపేది) గానీ డిస్టింక్ట్ (ఒకేలాంటి వరసల్ని ఒక్కటిగా చూపేది) గానీ ఉందా? ఉంటే ఎడిట్ కాదు.

కొత్తక్వెరీ:
డిస్టింక్ట్ ఉంది. ఎప్పుడు పెట్టానో కూడా గుర్తులేదు. తీసేశాను, ఇప్పుడు పడుతోంది.