గ్రూప్స్ ప్రిపరేషన్ ఎన్నేళ్ళు? ఆపాల్నా, ఇంకోసారి చూడాల్నా?

పాలమూరు పోరడు:
అన్నలూ అక్కలూ, జర సక్కగ చెప్పుండ్రి. నాకు 31. డిగ్రీ అయినంక 2017ల కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్ నగర్ వచ్చిన. 2022ల 503 పోస్టులతోని గ్రూప్-1 పడ్డది, ప్రిలిమ్స్ రాసిన, పేపర్ లీకైందని రద్దు చేసిన్రు, 2023 జూన్ల మళ్ల రాసిన, దాన్ని హైకోర్టు కొట్టేసింది, 2024ల 563 పోస్టులని కొత్త నోటిఫికేషన్ ఇచ్చిన్రు, ఇంకోసారి ప్రిలిమ్స్. మెయిన్స్ దాకా పోయిన, లిస్టుల పేరు రాలే. స్టడీ హాల్ల నా సీటు కాడ ప్లగ్గు వదులైతే అట్టముక్క పెట్టి నేనే టైట్ చేసిన, గంత పాతోణ్ణి ఆడ. ఇప్పుడు మా బావ మెడికల్ షాపుల కూసో అంటుండు.

గోదారి గట్టు:
ఆపేయండి బ్రో. 2024లో అప్లై చేసింది నాలుగు లక్షల మంది పైనే, అంటే పోస్టుకి ఏడొందల మంది. కష్టపడితే వస్తుందని కోచింగోళ్ళు చెప్తారు, మరి మిగతా వాళ్ళు కష్టపడలేదా ఏంటండి? మా ఊర్లో ఒకాయన ఇలాగే పదేళ్ళు రాసి ఇప్పుడు పెళ్ళిళ్ళకి కూడా రావట్లేదు, ఎవరైనా అడుగుతారని.

నల్లగొండ బిడ్డ:
లెక్కలు చెప్పుడు అల్కగనే ఉంటది. మా నాయిన పాస్‌బుక్ కోసం ఆఫీసు మెట్ల మీద చెప్పులు చేతుల పట్టుకొని నిలబడ్డడు, నేను పక్కనే ఉన్న, ఏడో తరగతి. లోపల కుర్చీల కూసున్నాయన తలకాయ గూడ ఎత్తలే. ఆ కుర్చీ కావాలె నాకు. 2024ల 46 ఏళ్ళ దాకా రాయొచ్చన్నరు కదా, రాస్త.

గోదారి గట్టు:
ఏజ్ పెంచారు సరే, నోటిఫికేషన్లు ఏళ్ళ తరబడి ఇవ్వకపోబట్టే కదా పెంచాల్సొచ్చింది. అది చూసుకుని 46 దాకా రూమ్ రెంట్ ఎవరు కడతారు?

ఓరుగల్లు అక్క:
రెంట్ ముచ్చట తీసినవ్ కాబట్టి చెప్త. ఏడేళ్ళా, ఎనిమిదేళ్ళా, పదేళ్ళా అని మీరంత మాట్లాడుకుంటున్నరు, నాకు ఇంట్ల ఇచ్చింది ఎన్నో ఎర్కనా? పద్దెనిమిది నెలలు. గంతే, ఆ తర్వాత సంబంధాలు. మా తమ్మునికి మాత్రం "ఎన్నిసార్లైనా రాయి బిడ్డా" అన్నరు. నేను పొద్దుగాల్నే పోయి చిక్కడపల్లి లైబ్రరీల కుర్చీ మీద సంచి పెట్టి జాగ పట్టుకునేది, పగటీలి ఐదు రూపాయల భోజనం. గ్రూప్-1 చదవాలనే ఉండె గానీ ఉన్న టైంల వచ్చేది ఏదో చూసుకున్న, 2023 జులైల గ్రూప్-4 రాసిన, 8,180 పోస్టులల్ల నాదొకటి. జూనియర్ అసిస్టెంట్. ఆశ చంపుకున్ననని అనుకోకుండ్రి, గ్రూప్-2 పుస్తకం ఇప్పటికీ నా టేబుల్ సొరుగుల ఉంది.

నల్లగొండ బిడ్డ:
అక్కా, నీ కౌంటర్ కాడికి చెప్పులు చేతుల పట్టుకొని ఎవరన్న వస్తరా?

ఓరుగల్లు అక్క:
వస్తరు. వేసుకోమని చెప్త. కొందరు వేసుకోరు. అబద్ధమెందుకు, నెలాఖరున పని మీద పడ్డప్పుడు నేనూ తలెత్తని రోజులు ఉన్నయి.

గోదారి గట్టు:
ఇది బాగా చెప్పారు మేడమ్. పాలమూరు బ్రో, షాపులో కూర్చుని కూడా రాయొచ్చు కదండి, ఆపడం అంటే పుస్తకాలు తగలెట్టడమని ఎవరన్నారు.

పాలమూరు పోరడు:
నేను కూడ అదే అనుకుంటున్న. కానీ షాపుల కూసుంటే ఊరోళ్ళు రోజూ కనవడ్తరన్నా, అదే నా భయం. ఇక్కడైతే అందరం గిట్లనే ఉంటం, ఎవ్వడూ ఏం అడగడు. ఇన్నేళ్ళు చదువు కోసమే ఉన్ననా, ఆ అడుగుడు తప్పించుకోనీకి ఉన్ననా అని అక్క రాసింది చదివినంక డౌట్ కొడ్తుంది. రూమ్ అడ్వాన్స్ ఇంకో నెల ఉంది.

కొత్తగ వచ్చిన:
అన్నా ఏమనుకోకు, నువ్వు ఖాళీ చేస్తే ఆ ప్లగ్గున్న సీటు నాకు చెప్తవా? తెలుగు అకాడమీ బుక్స్ గూడ ఉంటే సగం రేటుకు తీస్కుంట. ఈ నెలే దిగిన.