నాయన, జేజి, నేను: ఈ ఒక్క సీనుకే ఎవరూ నవ్వట్లేదు

అనంతపురం పిల్లోడు: పొద్దున ఆరు నుంచి దీని మీదే కూర్చున్నా, రాత్రి పదకొండయింది. నా బతుకు మీద నేనే నలభై నిమిషాల కామెడీ ఏకపాత్ర రాసుకున్నా. మా నాయన ఎస్టీడీ బూత్ పెట్టి ఊరందరికీ అప్పు మీద ఫోన్లిచ్చిన కథ. అప్పట్లో రాత్రి పదకొండు దాటితే ఫోన్‌కు పావు రేటు కదా, అందాకా జనం మా అరుగు మీదే కునికేవాళ్ళు. మొన్న యాభై మంది ముందు వేశా. అంతా బాగానే పోయింది కానీ నాయన, జేజి (మా అవ్వ), నేను ముగ్గురం పోట్లాడుకునే సీనుకు ఒక్కరూ నవ్వలేదు. అదే సీను ఇంట్లో చేస్తే మా చెల్లి పడీ పడీ నవ్వింది. డైలాగులు పదిసార్లు మార్చా. ఇంకేం మార్చాలి?

పాత నాటకాలాయన: ముందు పేరు సరిచేసుకో నాయనా. ఏకపాత్ర అంటే ఒకటే పాత్ర. మయసభలో దుర్యోధనుడొక్కడే ఉంటాడు. నీది ముగ్గురితో. దశరూపకాలని సంస్కృత నాటకాల్లో పది రకాలున్నాయి, వాటిలో భాణం అని ఒకటి: ఒకే అంకం, ఒకే నటుడు. తన అనుభవమో, ఇంకొకరిదో చెప్తాడు. ఎదుట మనిషి లేకపోయినా "ఏమంటున్నావూ?" అని తానే అడిగి తానే జవాబిస్తాడు. దాన్ని ఆకాశభాషితం అంటారు. అంత గొప్ప రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ 1880లో పుట్టిన తాడిపత్రి మీ జిల్లాలోదే. ఇది తెలియకపోతే ఎట్ల?

సీమ సరుకు: స్టాండప్ అంటే పోయేదానికి ఇంత సంస్కృతమా సామీ?

పాత నాటకాలాయన: స్టాండప్‌లో మనిషి తానుగానే ఉండి జోకు చెప్తాడు. హరిదాసును చూడు. చేతిలో చిడతలు, కాళ్ళకు గజ్జెలు, వేషం మారదు. ఆయనే రాముడు, ఆయనే సీత, నడుమ పిట్టకథ. ఆహార్యం అంటే వేషం, కూచిపూడి వాళ్ళు ఏకాహార్యం అనేది ఇలాంటిదాన్నే.

సీమ సరుకు: స్టాండప్ వాళ్ళు కూడా వాళ్ళమ్మ గొంతు చేస్తారు. అప్పుడు అది ఏ ఆహార్యం?

కర్నూలు లైట్‌బాయ్: మైక్ ఏది?

అనంతపురం పిల్లోడు: స్టాండ్ మైక్ అన్నా. ఎందుకు?

కర్నూలు లైట్‌బాయ్: తల తిప్పుతున్నావా?

అనంతపురం పిల్లోడు: జేజికి ఎడమకు, నాయనకు కుడికి. అందరూ అట్లనే కదా చేసేది, అందుకే రాయలేదు.

కర్నూలు లైట్‌బాయ్: తల తిప్పితే గొంతు మైక్‌కు అందదు. జనానికి వినపడలేదు. అంతే.

అనంతపురం పిల్లోడు: అయ్యో. ఇంట్లో మైకే లేదు.

కర్నూలు లైట్‌బాయ్: కాలర్ మైక్ పెట్టు. లేదంటే తల మైక్ ముందే ఉంచి చూపు తిప్పు. జేజి కింద కూర్చుని పైకి చూస్తుంది, నాయన నిలబడి కిందికి చూస్తాడు.

బొమ్మలాట అభిమాని: దాంతోపాటు జేజికి ఒక చేష్ట పెట్టు. రిసీవర్ తలకిందులుగా పట్టుకుని బెంగళూరుదాకా వినపడేట్టు అరుస్తుందనుకో. రెండోసారి నీ చెయ్యి లేస్తే చాలు, జేజి వచ్చిందని తెలిసిపోతుంది. "అప్పుడు మా జేజి అన్నది" లాంటివన్నీ కొట్టెయ్. తోలుబొమ్మలాటలో బంగారక్క గొంతు ఎత్తగానే పిల్లలు నవ్వేస్తారు, ఎవరొచ్చారో ఎవరూ చెప్పరు. ఇంతకీ అప్పుల సంగతి చెప్తున్నట్టు నాయనకు తెలుసా?

అనంతపురం పిల్లోడు: ముందు వరుసలోనే కూర్చుంటాడట. అదింకో టెన్షన్. కాలర్ మైక్ అద్దె ఐదొందలు అంటున్నారు, చూపుతోనే చేసి చూస్తా. థ్యాంక్స్ అన్నా.

పాత నాటకాలాయన: భాణంలో ఆ నటుణ్ణి విటుడంటారు. ఆ మాటను అపార్థం చేసుకోకండి, అసలు విటుడంటే...

సీమ సరుకు: ఇంకా ఉన్నారా సామీ!